సంగీత పత్రిక రూపకల్పన - విద్యార్థి సృజన వికాసం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

బ్రిటన్‌లోని ఓసీఆర్ పరీక్షా మండలి రూపొందించి, 2008 నుంచి బోధనలోకి తెచ్చిన మీడియా అధ్యయన పాఠ్యప్రణాళికలో ఏఎస్ స్థాయి విద్యార్థులకు ఒక కొత్త సంగీత పత్రిక రూపకల్పన నిర్మాణ అభ్యాసంగా ఉండేది. ముఖపత్రం, విషయసూచిక, జంటపుటల కథనం అనే మూడు భాగాలను తయారుచేసే క్రమంలో విద్యార్థి సృజన ఎలా వికసిస్తుంది, ఆ వికాసాన్ని మదింపు విధానం ఎంతవరకు గుర్తించగలదు అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మమ్మటుని కావ్యహేతు చర్చ, ఆనందవర్ధనుని సంవాద విభజన, రాజశేఖరుని ప్రతిభా విభాగం ఈ పరిశీలనకు పరికరాలు. సృజన వికాసానికి సాక్ష్యం ముగిసిన పుట మాత్రమే కాదనీ, విద్యార్థి రాసుకున్న ప్రగతి కథనం అంతకన్నా కాదనీ, ముసాయిదాల మధ్య జరిగిన స్వీకరణ-తిరస్కరణలే ప్రధాన సాక్ష్యమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సృజన, మీడియా విద్య, సంగీత పత్రిక, పుటవిన్యాసం, ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం, సంవాదం, ఆత్మమూల్యాంకనం.

1. ప్రవేశిక

సృజన నేర్పితే వచ్చేదా అన్న ప్రశ్న భారతీయ కావ్యశాస్త్రానికి కొత్త కాదు. దండి సహజ ప్రతిభతోపాటు నిర్మలమైన పాండిత్యాన్ని, ఎడతెగని అభ్యాసాన్ని కావ్యసంపదకు కారణాలుగా చెప్పాడు. పూర్వవాసనల వల్ల కలిగే ప్రతిభ లేనివారికి కూడా చదువు, యత్నం తోడైతే వాగ్దేవి ఎంతో కొంత అనుగ్రహం చూపుతుందని అంగీకరించాడు. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటిని పేర్కొన్నాడు. అవి మూడు వేర్వేరు హేతువులు కావని, మూడూ కలిసి ఒకే హేతువని తేల్చాడు. ఆయన హేతు శబ్దాన్ని ఏకవచనంలో ప్రయోగించడం అలంకారశాస్త్ర విద్యార్థులందరికీ పరిచితమైన విశేషమే.

ఆధునిక విద్యావ్యవస్థకు ఇదే ప్రశ్న మార్కుల పట్టిక రూపంలో ఎదురవుతుంది. ఒక విద్యార్థి సృజన పెరిగిందని చెప్పాలంటే దేనిని కొలవాలి? అతడు తయారుచేసిన వస్తువునా, తయారుచేసే నేర్పునా, తయారీని గురించి అతడు చెప్పే మాటలనా? బ్రిటన్‌లో మీడియా అధ్యయనం ఒక పాఠ్యాంశంగా స్థిరపడిన తీరులో ఈ మూడింటికీ చోటు దొరికింది. అందులోని సంగీత పత్రిక అభ్యాసం అనేక సంవత్సరాలు ఒకే నిర్దేశంతో కొనసాగింది. అందువల్ల సృజన వికాసాన్ని పరిశీలించడానికి అది అనువైన సందర్భం.

తెలుగులో పత్రికా రచన బోధనపై పరిశోధన ఎక్కువగా వార్తా రచన, అనువాదం, పత్రికా భాష చుట్టూ సాగింది. పత్రికను ఒక దృశ్యవస్తువుగా రూపొందించడంలోని సృజనపై దృష్టి తక్కువ. పరదేశపు పాఠ్యప్రణాళికను దేశీయ సాహిత్యశాస్త్ర పరికరాలతో పరిశీలించడం ఈ లోటును కొంత పూరించగలదు.

2. పాఠ్యప్రణాళికలో సంగీత పత్రిక

ఏఎస్ స్థాయి నిర్మాణ విభాగం మొత్తం 100 మార్కులకు ఉండేది. అందులో పరిశోధన, ప్రణాళికలకు 20, నిర్మాణానికి 60, మూల్యాంకనానికి 20 మార్కులు. ముద్రణ మాధ్యమాన్ని ఎంచుకున్న విద్యార్థి ముందుగా ఒక ప్రాథమిక అభ్యాసం చేయాలి. పాఠశాల లేదా కళాశాల పత్రికకు ఒక ముఖపత్రం తయారుచేయాలి. దానిపై ఒక విద్యార్థి మిడ్ క్లోజప్ ఛాయాచిత్రం, పత్రిక పేరు, తగిన శీర్షికలు ఉండాలి. దానితోపాటు విషయసూచిక డమ్మీ ఒకటి సిద్ధం చేయాలి. ఆ తరువాతదే ప్రధాన అభ్యాసం. ఒక కొత్త సంగీత పత్రికకు ముఖపత్రం, విషయసూచిక, జంటపుటల కథనం రూపొందించాలి. బొమ్మలు, రాత అన్నీ విద్యార్థి సొంతంగా తయారుచేసినవే కావాలి. బొమ్మలు కనీసం నాలుగు ఉండాలి. ఉపాధ్యాయుడు మార్కులు వేస్తే, పరీక్షా మండలి వాటిని సరిచూసేది.

సంగీత పత్రికనే ఎందుకు నిర్దేశించారన్న ప్రశ్నకు ఆ పత్రికల చరిత్రలో సమాధానం వెదకవచ్చు. 1952లో మొదలైన న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ ఆ ఏడాదే బ్రిటన్‌లో తొలి సింగిల్స్ అమ్మకాల జాబితాను ప్రచురించింది. 1981లో సౌండ్స్ పత్రికకు అనుబంధంగా పుట్టిన కెర్రాంగ్ తన పేరునే విద్యుత్ గిటారు తీగ మోత నుంచి తీసుకుంది. దాని పేరు అక్షరాలు పగిలిన గాజులా కనిపిస్తాయి. 1986లో వచ్చిన క్యూ పత్రిక ఎర్రని చతురస్రంలో ఒకే ఒక్క అక్షరంతో గుర్తింపు పొందింది. 1993లో మొదలైన మోజో పాత రాక్ సంగీతాన్ని చరిత్రగా చదివే పాఠకులను ఆకట్టుకుంది. సంగీతశైలి మారితే అక్షరం, రంగు, చూపు, భాష అన్నీ మారతాయని ఈ పత్రికలు స్పష్టంగా చూపుతాయి. పదహారు, పదిహేడేళ్ల విద్యార్థికి ఇవి తన వయసువారి అభిరుచులకు దగ్గరగా ఉన్న పాఠ్యాలు. అంటే ఇక్కడ వ్యుత్పత్తికి కావలసిన సామగ్రి సమృద్ధిగా ఉంది.

కల్పన ఎప్పుడూ అనుభవంలోని మూలకాలతోనే నిర్మితమవుతుందని, అనుభవం ఎంత సంపన్నమైతే కల్పన అంత సంపన్నమవుతుందని రష్యన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త వైగాట్‌స్కీ 1930లో బాల్యకల్పనపై రాసిన గ్రంథంలో వివరించాడు. లోకాన్ని, శాస్త్రాన్ని, కావ్యాలను పరిశీలించడం వల్ల నిపుణత కలుగుతుందన్న మమ్మటుని మాటకు ఇది దగ్గరగా ఉంది. పరిశోధన, ప్రణాళికలకు మార్కులు కేటాయించడంలో ఉన్న ఆలోచన కూడా ఇదే.

3. సంప్రదాయ స్వీకరణలో మూడు దశలు

ఈ అభ్యాసంలో విద్యార్థికి ఎదురయ్యే తొలి చిక్కు అనుకరణ. పత్రిక చూడగానే సంగీత పత్రిక అని తెలియాలి. అదే సమయంలో అది మరొక పత్రికకు నకలు కాకూడదు. మూల్యాంకనంలోని మొదటి ప్రశ్న కూడా దీనిపైనే ఉండేది. నిజమైన పత్రికల రూపాలను, సంప్రదాయాలను విద్యార్థి వాడుకున్నాడా, విస్తరించాడా, ధిక్కరించాడా అని అది అడిగేది. ఈ మూడు క్రియలు ఉపయోగకరమైనవే గాని స్థూలమైనవి. వాడుకోవడంలో ఎన్ని తరతమ భేదాలున్నాయో అవి చెప్పవు.

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగవ ఉద్యోతంలో కవుల రచనల మధ్య కనిపించే పోలికను సంవాదమన్నాడు. దానిని మూడు విధాలుగా విభజించాడు. అద్దంలో ప్రతిబింబం వంటిది మొదటిది. చిత్తరువు వంటిది రెండవది. ఒకరిని పోలిన మరొక మనిషి వంటిది మూడవది. ప్రతిబింబానికి తనదైన ఆత్మ లేదు. చిత్తరువుకు ఉన్న ఆత్మ అల్పమైనది. మూడవదానికి మాత్రం పోలిక ఉన్నా సొంత ప్రాణం ఉంది. కనుక మొదటి రెండింటిని విడిచి మూడవదానిని గ్రహించవచ్చునని ఆయన నిర్ణయం. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ విభజనను విస్తరించి, పరపురప్రవేశమనే నాలుగవ భేదాన్ని చేర్చాడు. మూలం ఒకటే అయినా తొడుగు పూర్తిగా మారిపోవడం దాని లక్షణం.

ఈ విభజన పత్రిక రూపకల్పనకు ఎలా వర్తిస్తుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఒక విద్యార్థిని రాక్ సంగీత పత్రికను ఎంచుకున్నదనుకుంటే, ఆమె మొదటి ముసాయిదాలో నల్లని నేపథ్యం, పగిలిన అక్షరాలు, నోరు తెరిచి అరుస్తున్న గాయకుడు, ఎర్రని శీర్షికలు ఉండే అవకాశం ఎక్కువ. ఇది ప్రతిబింబ దశ. ఇక్కడ ఆమె ఎంచుకున్నదేమీ లేదు, చూసినదే తిరిగి వచ్చింది. రెండవ ముసాయిదాలో ఆమె రంగు మార్చుతుంది, పగుళ్ల బదులు గీతలు పెడుతుంది, గాయకుడిని తన కళాశాల నడవాలో నిలబెడుతుంది. మెరుగు కనిపిస్తుంది, కాని పుటలోని భావం మారలేదు. ఇది చిత్తరువు దశ.

మూడవ ముసాయిదాలో ఆమె ఒక ప్రశ్న వేసుకున్నదనుకుంటే పరిస్థితి మారుతుంది. వేదికపై ఎప్పుడూ వెనుక కూర్చునే డ్రమ్స్ వాద్యకారిణి ముఖపత్రంపైకి ఎందుకు రాదు? ఆ ప్రశ్నకు సమాధానంగా ఆమె వాద్యకారిణిని ముందుకు తెచ్చి, ముఖం కన్నా వేళ్లకు చుట్టిన పట్టీలపై కెమెరా కేంద్రీకరించవచ్చు. ఒకే వ్యక్తి, సూటిగా పాఠకుని వైపు చూపు, పేరు వెనుకగా తల అనే సంప్రదాయాలు అన్నీ అలాగే ఉంటాయి. అయినా ఆ పుటకు తనదైన ప్రాణం వస్తుంది. తుల్యదేహి దశ అంటే ఇదే. సంప్రదాయాన్ని ధిక్కరించడం కన్నా సంప్రదాయం లోపల ఒక కొత్త నిర్ణయం తీసుకోవడం కష్టం, విలువైనది కూడా.

మార్గరెట్ బోడెన్ 1990లో ప్రచురించిన గ్రంథంలో సృజనను రెండుగా విభజించారు. ఒక వ్యక్తికి తన అనుభవంలో కొత్తదైనది ఒకటి, మానవ చరిత్రలోనే కొత్తదైనది మరొకటి. డ్రమ్స్ వాద్యకారిణి ముఖపత్రం లోకానికి కొత్త కానక్కరలేదు. విద్యార్థిని ఆలోచనలో అది కొత్త మలుపు. తరగతి గదిలో సృజనను ఈ మొదటి అర్థంలోనే గ్రహించాలి. అయితే ఆ కొత్తదనం వ్యక్తిగతమైనది కనుక దానిని కనుగొనాలంటే ఆ వ్యక్తి ముందున్న స్థితి తెలియాలి. ముగిసిన పుటను మాత్రమే చూసే పరీక్షకునికి ఆ స్థితి కనబడదు.

4. నైపుణ్యం, సృజన: ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి

నిర్మాణానికి కేటాయించిన 60 మార్కులను నాలుగు స్థాయిల ప్రమాణాలతో వేసేవారు. ఛాయాచిత్రాల దూర వైవిధ్యం, దృశ్యంలోని వస్తువుల అమరిక, పాఠకునికి తగిన భాష, పుటవిన్యాస సంప్రదాయాలు, అక్షర రూపాల వైవిధ్యం, బొమ్మను కత్తిరించి సరిచేసే నేర్పు వంటివి ఆ ప్రమాణాలలో ఉన్నాయి. ఈ సాంకేతిక నైపుణ్యాలను సృజనాత్మకంగా వినియోగించడమే మదింపు అంశం. సృజన అక్కడ విశేషణంగా ఉంది, లెక్కించదగిన విశేష్యాలన్నీ సాంకేతికమైనవి. ఈ వాక్యనిర్మాణంలోనే సమస్య ఇమిడి ఉంది. విశేష్యాన్ని కొలిచినంత తేలికగా విశేషణాన్ని కొలవలేరు. ఫలితంగా నైపుణ్యవృద్ధి సృజనవృద్ధిగా చెలామణి అయ్యే వీలుంది. మూడు రంగాలలో ఈ భేదాన్ని పరిశీలించవచ్చు.

4.1 ఛాయాచిత్రం

ప్రాథమిక అభ్యాసంలో విద్యార్థి తీసే చిత్రం సాధారణంగా గుర్తింపు కార్డు చిత్రానికి దగ్గరగా ఉంటుంది. ఎదురుగా వెలుతురు, వెనుక గోడ, మధ్యలో ముఖం. ప్రధాన అభ్యాసానికి వచ్చేసరికి పక్కనుంచి వెలుతురు, క్షేత్రలోతు, కోణం మొదలైనవి తెలుస్తాయి. ఇది నైపుణ్యం. చిత్రం తీస్తున్నప్పుడే పత్రిక పేరు ఎక్కడ వస్తుందో, శీర్షికలకు ఎడమవైపు ఎంత ఖాళీ కావాలో ఊహించి వ్యక్తిని నిలబెట్టడం సృజన. ఇంకా లేని పుటను కంటి ముందు ఉంచుకుని కెమెరా పట్టడమన్నమాట. పని జరుగుతుండగానే పనిని గురించి ఆలోచించడాన్ని డొనాల్డ్ షోన్ 1983 నాటి తన గ్రంథంలో వృత్తినిపుణుల ముఖ్య లక్షణంగా గుర్తించాడు. విద్యార్థి చిత్రాల వరుసను చూస్తే ఈ లక్షణం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఎంచుకున్న ఒక్క చిత్రాన్ని చూస్తే తెలియదు.

4.2 అక్షరం, పుటవిన్యాసం

సాఫ్ట్‌వేర్ కొత్తగా నేర్చిన విద్యార్థి పుటలో ఐదారు అక్షర రూపాలు, ప్రతి శీర్షికకు ఒక నీడ, ప్రతి అంచుకు ఒక మెరుపు కనిపించడం సహజం. చేతికి వచ్చిన ప్రతి పరికరాన్నీ ప్రయోగించాలన్న ఉత్సాహమది. రెండు అక్షర రూపాలు, మూడు రంగులు చాలునని నిర్ణయించుకోవడం తరువాతి దశ. ఇక్కడ వికాసం కూడికలో కాక తీసివేతలో కనబడుతుంది. క్యూ పత్రిక పేరు ఇందుకు మంచి నిదర్శనం. రికార్డును వాయించడానికి సిద్ధం చేయడమనే అర్థంలో మొదట మూడక్షరాల ఆంగ్లపదాన్ని అనుకున్నారు. అది స్నూకర్ పత్రికగా పొరబడే అవకాశం ఉందని ఒక్క అక్షరానికి కుదించారు. అపార్థాన్ని తొలగించడానికి చేసిన కుదింపే ఆ పత్రిక ముద్రగా నిలిచింది.

క్షేమేంద్రుని ఔచిత్య భావన ఇక్కడ గుర్తుకు రావడం సహజం. ఏ అలంకారమైనా తగిన స్థానంలో ఉంటేనే అలంకారం. జానపద గాయకుని కథనానికి పగిలిన గాజు అక్షరాలు పెట్టిన విద్యార్థికి పరికరం తెలుసు, ఔచిత్యం తెలియదు. అదే అక్షరాన్ని తీసివేయడానికి అతడు సిద్ధపడినప్పుడు అతని విద్య ఒక మెట్టు ఎక్కింది.

4.3 రచన

జంటపుటల కథనంలో విద్యార్థి కెమెరా, సాఫ్ట్‌వేర్‌లతోపాటు భాషతో కూడా పనిచేయాలి. సాధారణంగా అది లేని సంగీతకారునితో జరగని ఇంటర్వ్యూ. అంటే స్వచ్ఛమైన కల్పన. పాత్ర మాట తీరు, ప్రశ్నించే విలేఖరి స్వరం, పత్రిక పాఠకులకు అలవాటైన భాషాస్థాయి అనే మూడింటిని ఒకే రచనలో నిలబెట్టాలి. సృజనాత్మక రచనలోని పాత్రచిత్రణ సమస్యలన్నీ ఇక్కడ ఎదురవుతాయి. తారలు కల్పిత ప్రతిమలని, సాధారణత్వం, అసాధారణత్వం రెండూ ఆ ప్రతిమలో కలగలిసి ఉంటాయని రిచర్డ్ డయర్ చెప్పిన సిద్ధాంతం మీడియా తరగతి గదులలో విస్తృతంగా బోధిస్తారు. ఆ సిద్ధాంతాన్ని ఉటంకించిన విద్యార్థికన్నా, తన కల్పిత గాయని చేత తొలి పాట రాసిన రోజు బస్సు తప్పిపోయిన సంగతి చెప్పించిన విద్యార్థి దానిని ఎక్కువగా ఆకళించుకున్నాడని భావించాలి. నిర్మాణం, విశ్లేషణ ఒకదానినొకటి పోషించుకోవాలన్న డేవిడ్ బకింగ్‌హామ్ వాదన ఈ సందర్భంలో సార్థకమవుతుంది. సిద్ధాంతం పుటలో కరిగిపోయినప్పుడే అది వ్యుత్పత్తి.

5. ఆత్మమూల్యాంకనం: ప్రగతి ఒక కథనంగా మారడం

మూల్యాంకనంలో ఏడు ప్రశ్నలుండేవి. సంప్రదాయాలు, సామాజిక వర్గాల చిత్రణ, ప్రచురణ సంస్థ, పాఠకులు, పాఠకులను ఆకర్షించిన తీరు, సాంకేతికత అనే ఆరు అంశాల తరువాత ఏడవ ప్రశ్న విద్యార్థిని వెనక్కి చూడమంటుంది. ప్రాథమిక అభ్యాసం నుంచి ప్రధాన నిర్మాణం దాకా జరిగిన ప్రగతిలో ఏమి నేర్చుకున్నారో చెప్పమంటుంది. ప్రగతి జరిగిందా లేదా అని అది అడగదు, ప్రగతి జరిగిందన్న ఊహతోనే మొదలవుతుంది.

దీని ఫలితం గమనించదగినది. విద్యార్థి రాసే సమాధానం ఒక నిర్ణీత కథనరూపాన్ని ధరిస్తుంది. మొదట తెలియనితనం, మధ్యలో శ్రమ, చివర సిద్ధి. ప్రాథమిక అభ్యాసం ఎంత బలహీనంగా కనిపిస్తే ప్రగతి అంత గొప్పగా కనిపిస్తుంది. మొదటి పుటలోనే ఒక సాహసం చేసి, ప్రధాన నిర్మాణంలో మార్కుల భయంతో సురక్షితమైన నమూనాకు తగ్గిన విద్యార్థి తన అనుభవాన్ని నిజాయితీగా రాయడానికి ఈ ప్రశ్నలో చోటు తక్కువ. సృజన ఎప్పుడూ పైకే పోయే గీత కాదు. కవుల రచనాక్రమంలో వెనకడుగులను, వ్యర్థ ప్రయత్నాలను విమర్శకులు వికాసంలో భాగంగానే చదువుతారు. విద్యార్థికి ఆ వెసులుబాటు లేకుండా పోయింది.

రెండవ సంవత్సరపు సైద్ధాంతిక పరీక్షలో ఈ సమస్య మరింత స్పష్టమవుతుంది. అక్కడ విద్యార్థి రెండేళ్ల నిర్మాణ అనుభవంలో తన నైపుణ్యాలు ఎలా పెరిగాయో వివరించాల్సి ఉండేది. డిజిటల్ సాంకేతికత, సృజన, పరిశోధన-ప్రణాళిక, నిర్మాణానంతర కూర్పు, నిజమైన మీడియా పాఠ్యాల సంప్రదాయాల వినియోగం అనే ఐదు శీర్షికలలో ఒకటి రెండింటిని ప్రశ్నపత్రం సూచించేది. ఈ ప్రశ్నకు 25 మార్కులుండేవి. రెండు గంటల పరీక్షలో దీనికి సుమారు అరగంట దక్కేది. రెండేళ్ల అనుభవాన్ని అరగంటలో అమర్చాలంటే ముందుగా తయారుచేసుకున్న కథనం తప్పదు.

అంతకన్నా మౌలికమైన ఆక్షేపణ ఒకటి ఉంది. సృజనను ఐదింటిలో ఒకటిగా నిలిపితే మిగిలిన నాలుగింటిలో సృజన లేదన్న అర్థం వస్తుంది. పరిశోధనలో ఏ పత్రికను ఎందుకు చదవాలన్న ఎంపిక సృజన కాదా? కూర్పులో ఏ బొమ్మను తీసివేయాలన్న నిర్ణయం సృజన కాదా? మూడూ కలిసి ఒకే హేతువన్న మమ్మటుని ఏకవచనం ఈ విభజనకు బలమైన జవాబు. మార్కుల సౌకర్యం కోసం విడదీసినవాటిని విద్యార్థి నిజంగానే వేరువేరు వస్తువులుగా భావించడం మొదలుపెడితే బోధన లక్ష్యమే దెబ్బతింటుంది.

అయితే మూల్యాంకనాన్ని పూర్తిగా తోసిపుచ్చడం సరికాదు. రాజశేఖరుడు ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండుగా చెప్పాడు. మొదటిది కవికి ఉపకరిస్తుంది, రెండవది భావకునికి. తన రచనకు తానే భావకుడు కాగలిగిన కవి అరుదు. మూల్యాంకన ప్రశ్నలు విద్యార్థి చేత ఆ అరుదైన పాత్రను వేయించే ప్రయత్నం. ప్రయత్నం మంచిదే. తన పనిని పరిశీలించడం, తన ప్రగతిని నిరూపించడం ఒకటి కావు. మొదటిది భావయిత్రి లక్షణం. రెండవది వాదన. మార్కుల ఒత్తిడిలో విద్యార్థి మొదటిదాని నుంచి రెండవదానికి జారిపోవడమే లోపం.

కాలగతి కూడా ఈ అభ్యాసంపై ఒక వ్యాఖ్య చేసింది. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ 2015లో ఉచిత పత్రికగా మారి, 2018 మార్చిలో తన వారపు ముద్రణను ఆపివేసింది. క్యూ పత్రిక 2020లో మూతపడింది. విద్యార్థులు కొత్త సంగీత పత్రికలను ఊహిస్తున్న సంవత్సరాలలోనే పాతవి ఒక్కొక్కటిగా అంగడి నుంచి తప్పుకుంటూ వచ్చాయి. దానితో ప్రచురణ సంస్థను గురించిన ప్రశ్న నానాటికీ పుస్తకాల ప్రశ్నగా మిగిలింది. 2017లో బోధన మొదలైన కొత్త ఏ లెవెల్ విధానంలో నిర్మాణ అభ్యాసం వాటా 50 శాతం నుంచి 30 శాతానికి తగ్గింది. ఏటా మారే నిర్దేశాలు, ఒకటికి మించిన మాధ్యమాలు వచ్చాయి. ఉద్యోగ శిక్షణగా చూస్తే పాత అభ్యాసానికి విలువ తగ్గిన మాట నిజం. సృజన శిక్షణగా చూస్తే అంత తగ్గలేదు. ఛందస్సు నేర్చిన ప్రతివాడూ పద్యకవిగా బతకకపోయినా, ఆ నియమం లోపల మాట వెదుక్కున్న అనుభవం వచన రచనకు కూడా పనికివస్తుంది. పత్రికాపుట కూడా అటువంటి నియమమే.

6. తెలుగు తరగతి గదికి అన్వయం

తెలుగునాట విద్యార్థి పత్రిక కొత్తది కాదు. లిఖిత పత్రికలు, కళాశాల వార్షిక సంచికలు తరతరాలుగా రచయితలకు తొలి వేదికలయ్యాయి. అయితే వాటిలో విద్యార్థి పాత్ర ఎక్కువగా రచనకే పరిమితం. పుట రూపం డీటీపీ చేసేవారి చేతిలో ఉండిపోతుంది. సంగీత పత్రిక అభ్యాసాన్ని తెలుగు, జర్నలిజం శాఖలలో ప్రవేశపెట్టదలచినవారు రెండు విషయాలను ప్రత్యేకంగా ఆలోచించాలి.

మొదటిది లిపి. ఆంగ్ల పత్రిక ముఖపత్రంలో ప్రాధాన్య క్రమాన్ని పెద్ద బడి అక్షరాలతో సులువుగా చూపుతారు. తెలుగు లిపిలో ఆ భేదం లేదు. పైగా గుడులు పైకి, వత్తులు కిందికి విస్తరిస్తాయి కనుక శీర్షికల మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఆంగ్ల నమూనాను తెలుగు అక్షరాలతో నింపితే పుట ఇరుకవుతుంది. బాపు చేతిరాత తెలుగు ముఖపత్రాలకు, శీర్షికలకు ఒక ప్రత్యేక వ్యక్తిత్వం ఇవ్వడానికి కారణం, ఆయన ఈ ఎత్తుపల్లాలను ఇబ్బందిగా చూడక గీతలోని లయగా మలచుకోవడమే. నేడు సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, సూరన్న, ధూర్జటి వంటి యూనికోడ్ అక్షర రూపాలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒకే శీర్షికను వాటిలో నాలుగింటితో కూర్చి, మూడింటిని ఎందుకు వదిలారో రాయమనడం మంచి తొలి అభ్యాసం కాగలదు.

రెండవది వస్తువు. సినిమా పాట తెలుగువారి సంగీతానుభవంలో అధిక భాగం ఆక్రమించింది కనుక విద్యార్థి మొదటి ముసాయిదా సినీతార ముఖచిత్రంతోనే వచ్చే వీలుంది. ప్రతిబింబ దశ ఇక్కడ కూడా తప్పదు. దాన్ని దాటడానికి కావలసిన సామగ్రి చుట్టూ ఉంది. కచేరీలో పక్కవాద్యమనే మాటే పక్కన కూర్చోబెడుతున్న మృదంగ, ఘట విద్వాంసులు, ఒగ్గుడోలు బృందాలు, తప్పెటగుళ్ల కళాకారులు, బుర్రకథలో వంతలు ముఖపత్రానికి తగనివారా? ఈ ప్రశ్న వేసుకున్న విద్యార్థి పుటవిన్యాసంతోపాటు ఎవరిని ముందు నిలపాలన్న సామాజిక నిర్ణయాన్ని కూడా తీసుకుంటున్నాడు.

మదింపులో ఒక మార్పు అవసరం. ముగిసిన పత్రికతోపాటు కనీసం మూడు ముసాయిదాలను, వదిలేసిన బొమ్మలను, శీర్షికలను, ఒక్కొక్కదానికి రెండు వాక్యాల కారణాన్ని విద్యార్థి సమర్పించాలి. కారణం నిర్ణయం తీసుకున్న రోజే రాయాలి. చివర రాసే ప్రగతి కథనంలో జ్ఞాపకం తనకు అనుకూలంగా మారుతుంది. ఆ రోజు రాసిన కారణంలో సంశయం మిగిలే ఉంటుంది. అధ్యాపకుడు చదవవలసింది ఆ సంశయాన్ని. ఈ విధానం అధ్యాపకునిపై భారం పెంచుతుందన్నది నిజమే. తరగతిలో విద్యార్థులు ఒకరి ముసాయిదాలను మరొకరు చదివి వ్యాఖ్యానించే ఏర్పాటు చేస్తే ఆ భారం కొంత తగ్గుతుంది, భావయిత్రీ ప్రతిభకు అదే సాధన అవుతుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. సంగీత పత్రిక రూపకల్పన పరిశోధన, నిర్మాణం, పరిశీలనలను ఒకే పనిలో ముడివేస్తుంది. కనుక సృజన శిక్షణకు అది అనువైన అభ్యాసం. ముద్రిత సంగీత పత్రికల అంగడి కుంచించుకుపోవడం ఈ విలువను రద్దు చేయదు.

2. సంప్రదాయాలను వాడుకోవడం, విస్తరించడం, ధిక్కరించడం అనే విభజన కన్నా ప్రతిబింబం, చిత్తరువు, తుల్యదేహి అనే ఆనందవర్ధనుని క్రమం విద్యార్థి వికాసాన్ని సూక్ష్మంగా గుర్తించగలదు.

3. సాంకేతిక నైపుణ్యం సృజనకు అవసరమైనదే గాని దానికి ప్రత్యామ్నాయం కాదు. అక్షర రూపాలను, రంగులను, బొమ్మలను ఔచిత్యం ఎరిగి వదులుకోవడంలో సృజన వికాసం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

4. సృజనను మిగిలిన నైపుణ్యాల సరసన ఒక ప్రత్యేక శీర్షికగా విడదీయడం మదింపుకు సౌకర్యమే గాని భావనాపరంగా లోపభూయిష్టం. మమ్మటుని ఏకహేతువాదం ఈ లోపాన్ని స్పష్టం చేస్తుంది.

5. ప్రగతిని ముందే ఊహించే ప్రశ్న ప్రగతి కథనాన్నే రాబడుతుంది. వెనకడుగులను, వదిలేసిన ప్రయత్నాలను కూడా విద్యార్థి భయం లేకుండా చూపగలిగే మదింపు విధానం కావాలి.

6. తెలుగు శాఖలు ఈ అభ్యాసాన్ని స్వీకరించేటప్పుడు లిపి స్వభావాన్ని, స్థానిక సంగీత వైవిధ్యాన్ని మొదటి నుంచే పరిగణనలోకి తీసుకోవాలి. ఆంగ్ల పుట చట్రాన్ని యథాతథంగా తెచ్చుకుంటే ఆ పని కూడా ప్రతిబింబ దశలోనే ఆగిపోతుంది.